గంటకో సీసా

“మా అమ్మ కిడ్నీలు తిన్నది ఫ్యాక్టరీ ఒక్కటే కాదు, మీ సీసా కూడా” అని చేపలమ్మే ఆమె పొల్యూషన్ బోర్డు ఇన్‌స్పెక్టర్ మొహం మీదే అనేసింది.

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. “రిపోర్టు చూడమ్మా. పదేళ్లుగా వ్యర్థజలం పరిమితి దాటలేదు.”

“ఎలా దాటుద్ది? ముందు ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, పదింటికెళ్లి ఒక్క సీసా పడతారు. ఆ గంట వాళ్లు గొట్టంలోంచి మంచినీళ్లు వదులుతారు. రోజంతా గంటగంటకీ పట్టి కలిపితే కాంపోజిట్ శాంపిల్ అవుతుందని మీ రూల్సులోనే ఉందిగా.”

“పడితే మా మనిషే పట్టాలి. నువ్వు పట్టింది చెల్లదు.”

ఆ మనిషి పక్కనే ఉన్నాడు. పదేళ్లుగా ఆ పదింటి సీసా పట్టింది అతనే. ఆమె మొగుడు కూడా అతనే. అమ్మ డయాలసిస్‌కెళ్లిన రోజు నుంచి ఆమె అతనితో మాట్లాడటం లేదు.

అతను బల్ల కింద నుంచి ట్రే లాగి పైన పెట్టాడు.

“ఇరవై నాలుగు సీసాలు సార్. నిన్న పదింటి నుంచి గంటకొకటి పట్టాను. అన్నిటి మీదా నా సంతకమే.”

ఇన్‌స్పెక్టర్ నవ్వు ఆగిపోయింది. “పాత రిపోర్టుల మీదా నీ సంతకమేరా. నువ్వూ మునుగుతావు.”

“మునుగుతాను. కేసులో ముందు మీ పేరు రాయండి, కింద నాది రాయండి. ఆ గొట్టం మాత్రం ఇప్పుడే మూయించండి.”