ఇద్దరూ గెలిచిన ములగచెట్టు

జనాభా లెక్కను బట్టి కంప్యూటరే రోజూ జిల్లాల సరిహద్దులు మార్చే కాలమది. పక్కపక్క ఇళ్ల పైడమ్మ, వరాలమ్మ నడుమనున్న ములగచెట్టు కోసం కోర్టుకెక్కి, మాటలు మానేసి ఆరేళ్లయింది. వాయిదా నాటికి ఊరు వేరే జిల్లాలోకి పోయేది. కేసు మళ్లీ మొదటికొచ్చేది.

తీర్పు రోజున సరిహద్దు గీత సరిగ్గా చెట్టు మీదుగా పడింది. హైవే మీద పైడమ్మ తూర్పు జిల్లా బస్సెక్కింది, వరాలమ్మ పడమటి జిల్లా బస్సెక్కింది. ఏ కోర్టుకా కోర్టు తన జిల్లా మనిషినే గెలిపించింది.

సాయంత్రం ఇద్దరూ లడ్డూల పొట్లాలతో వీధిలో ఎదురుపడ్డారు.

“నానే గెలిచాను!” అంది పైడమ్మ.

“నానూ గెలిచాను!” అంది వరాలమ్మ.

పైడమ్మ చెట్టుకేసి చూసి, “రేపు గీత ఎటు పోద్దో ఏటో! నిచ్చెనట్టుకో వదినా, కాయలన్నీ ఇప్పుడే కోసీద్దాం,” అంది.