నలభై రెండో బోను

"వెళ్ళి టీ తాగి రా అమ్మాయ్, చేతులు కొయ్యబారిపోయాయి నీకు. నీ పుంజు ఎక్కడికీ పోదులే, నేను చూస్తుంటాను," అంది రొవీనా.

డెల్మా బిత్తరపోయింది. పదకొండేళ్ళుగా ఎదురుపడితే మొహం తిప్పుకునే మనిషి ఇవాళ టీ తాగి రమ్మంటోంది! వయసు మీద పడి మెత్తబడిందేమో అనుకుని టీ బల్ల దగ్గరికి నడిచింది. ఆ సంబరంలో కొబ్బరి అద్దిన లామింగ్టన్ కేకులు రెండు కూడా తినేసింది.

ఆస్ట్రేలియా అడుగున టాస్మేనియాలో జూన్ అంటే నడిచలికాలం. ఆ చలిలో కోళ్ళ అందాల పోటీ అంటే లోయలోని ఆ చిన్న ఊరికి పండగే. రేకుల షెడ్డు నిండా బోన్లు. వాటిలో నల్ల లాంగ్‌షాన్ పుంజులు మాత్రం రెండే. నలభై ఒకటో బోనులో డెల్మాది, కాలికి ఎర్ర రింగు. నలభై రెండులో రొవీనాది, నీలం రింగు. రింగులు తీసేస్తే రెండూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఆ చుట్టుపక్కల ఆ జాతి మిగిలింది వాళ్ళిద్దరి దొడ్లలోనే.

డెల్మా గుండెల్లో గుబులు ఎవరికీ తెలీదు. అవి అమ్మమ్మ పోతూ పోతూ చేతిలో పెట్టిన కోళ్ళు. అమ్మమ్మ చెప్పినట్టే, గుడ్డు పిల్లయిన రోజునే ఎడమకాలి వేళ్ళ మధ్య పలుచటి తోలులో ఓ చిల్లు పొడుస్తుంది. అది వాళ్ళింటి గుర్తు. రొవీనా వాళ్ళు కుడికాలికి పొడుస్తారు. అన్నీ అమ్మమ్మ చెప్పినట్టే చేస్తోంది గానీ, ఏళ్ళ తరబడి వాటిలో వాటికే జోడీ కట్టి మేనరికాలు ముదిరిపోయాయి. కిందటి వసంతంలో ముప్ఫై గుడ్లు పొదగేస్తే పిల్లలైనవి ఎనిమిది. మిగతావి పెంకులోనే ముడుచుకుని పోయాయి. ఆ ఎనిమిదింటిలోనూ ఐదింటికి తోక పక్కకి వాలిపోయింది. అలాంటివాటిని జోడీకి వాడకూడదు, పులుసుకే. ఈ ఏడు కొత్త రక్తం కలవకపోతే అమ్మమ్మ కోళ్ళకి నూకలు చెల్లినట్టే.

ఆ కొత్త రక్తం ఉన్నది రొవీనా దగ్గర. నోరు తెరిచి అడిగితే, మా కోళ్ళలో లోపముందని ఒప్పుకున్నట్టే. తెల్లారేసరికి లోయంతా టాంటాం అయిపోతుంది. ఆవిడది ఎప్పుడూ ఒకటే పాట కదా. "మావి పన్నెండు పెడితే పన్నెండూ పిల్లలే. రక్తం శుభ్రంగా ఉండాలమ్మా!"

టీ తాగి వచ్చేసరికి జడ్జి వచ్చేశాడు. రెండు పుంజుల్నీ ఎత్తాడు, రెక్కలు విప్పాడు, వెనకనుంచి తోకలు చూశాడు.

"నలభై రెండుకి మొదటి బహుమతి. ఆ తోక చూడండి, గీత గీసినట్టుంది! నలభై ఒకటి కూడా బాగానే ఉంది గానీ, తోక కాస్త ఎడమకి వాలింది."

డెల్మా మొహం మాడిపోయింది. ఇంట్లో నిటారుగానే కనిపించిందే! కాకిపిల్ల కాకికి ముద్దు. తన కళ్ళకి ఆ వంకర ఆనలేదు కాబోలు.

"దిగులుపడకమ్మాయ్, వచ్చే ఏడు చూసుకుందువు గాని," అంది రొవీనా.

"మీవాడిది రాజాలాంటి తోకే," అంది డెల్మా పళ్ళు బిగించి.

"పెంపకమమ్మా, పెంపకం!"

ఆ మాటతో డెల్మా తెగించింది.

మధ్యాహ్నం జనమంతా బయట సాసేజీలు కాలుస్తున్న పొయ్యి చుట్టూ చేరారు. షెడ్డులో పురుగు లేదు. రెండంటే రెండు నిమిషాల పని. పుంజుల్ని మార్చింది, రింగులు మార్చింది. గుమ్మం వైపే చూస్తూ, చేతిలో ఉన్నదాని మొహం కూడా సరిగా చూడలేదు. వచ్చి సాసేజీ తింటూ నిలబడింది.

సాయంత్రం రొవీనా బహుమతి కప్పు అందుకోవడానికైనా ఆగలేదు. బోను మీద దుప్పటి కప్పేసి, "పొయ్యి మీద కూర వదిలేసొచ్చాను," అంటూ గబగబా బండెక్కేసింది. డెల్మా అమ్మయ్య అనుకుంది.

ఇంటికొచ్చి బోను తలుపు తీసీ తీయగానే పుంజు తిన్నగా కోళ్ళగూట్లోకి నడిచి, కిటికీ పక్క కర్ర మీదికెక్కి కూర్చుంది. డెల్మా చేతిలో రొట్టెముక్క చూసి మెడ చాపింది.

"కొత్తల్లుడు కూడా మొదటి రోజు ఇంత దర్జాగా కూర్చోడే!" అన్నాడు మొగుడు కెల్విన్, జరిగిందంతా విని.

"మంచి రక్తమయ్యా. అలాగే ఉంటుంది."

"అది సరే. ఆవిడ కనిపెడితే?"

"ఎలా కనిపెడుతుంది? రింగు ఆవిడదే ఉందిగా."

"రింగు మార్చావు. కాలి చిల్లు మార్చావా?"

డెల్మా చేతిలో రొట్టెముక్క జారి కింద పడింది. అంత పని చేసింది గానీ ఆ సంగతి తట్టనే లేదు. రేపు రొవీనా తన దగ్గరున్న పుంజు కాలెత్తి చూసుకుందంటే ఇంకేమన్నా ఉందా! లోయలో తలెత్తుకోగలదా?

"చిన్నప్పటి చిల్లు ఒక్కోసారి పూడుకుపోతుంది కదా?" అంది బేలగా.

"మరి దీనికి ఎలా ఉందో చూడు."

డెల్మా పుంజుని ఒళ్ళోకి తీసుకుంది. కుడిపాదం మీది నల్ల ఈకలు పక్కకి జరిపింది. తోలు నున్నగా ఉంది, చిల్లు పొడిచిన జాడే లేదు. హమ్మయ్య, పూడుకుపోతుందన్నమాటే అనుకుంటూ ఊరికే ఎడమపాదం కూడా తిప్పి చూసింది.

వేళ్ళ మధ్య, ఆ పుంజు పిల్లయిన రోజున తన చేత్తో తానే పొడిచిన చిల్లు ఉంది.