చక్రవర్తి చెంప మీద గాటు

సౌదీలోని హాయిల్ బజారు నిద్రపోయింది. షట్టర్ దించిన నగల కొట్లో డ్రైవర్ అల్తాఫ్, ఇసుకలో దొరికిన రోమన్ నాణేన్ని కంసాలి భరణి ముందు పెట్టాడు.

"లోపల రాగేమో, చూడన్నా."

తాతల నాటి అలవాటు కొద్దీ భరణి ఉలి తీసి, ఆకుల కిరీటం పెట్టుకున్న చక్రవర్తి చెంప మీద గాటు పెట్టాడు. లోపలా తెల్లటి మెరుపే.

"అంతా వెండే అల్తాఫూ! ఎంత చక్రవర్తైనా మన ఉలికి లొంగాల్సిందే!"

ఇద్దరూ ఎగిరి గంతేశారు. అంతలో బయట కేరింతలు మొదలయ్యాయి. వేల గొంతులు, బూరలు, గుర్రపు డెక్కలు.

"ఈ పొద్దు మ్యాచ్ కూడా లేదు కదన్నా?" అల్తాఫ్ షట్టర్‌కి చెవి ఆనించాడు.

భరణి నాణెం వంక చూశాడు. చెంప నున్నగా ఉంది. పెదవి మీద ఇందాక లేని నవ్వు.

జయజయధ్వానాలు వీధి పొడవునా ఊరేగి, సరిగ్గా వాళ్ల షట్టర్ ముందుకొచ్చి ఆగాయి.