ఒక్క గంట మాస్టారు

"మేడమ్, మళ్లీ దిగబడ్డాడండీ ఒక్క గంట మాస్టారు!" గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ ఫోను.

ఆస్పత్రి కంప్యూటర్ విభాగం ఇన్‌చార్జికి ఒళ్లు మండింది. వరసగా ఇది నాలుగో రోజు.

"పైకి పంపించు. ఇవాళ అటో ఇటో తేల్చేస్తాను."

వచ్చాడు. అరవై దాటిన మనిషి. నలిగిన చొక్కా, చంకలో కాగితాల సంచి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏం అమ్ముతారు మీరు?"

"అమ్మేదేం లేదమ్మా. ఒక్క గంట అడగడానికొచ్చాను."

"ఆ ముక్క మా వాచ్‌మన్‌కి కూడా కంఠతా వచ్చేసింది. దేనికో చెప్పండి."

"మీ ల్యాబు, మందుల కొట్టు, ఐసీయూ... అన్నిటికీ వేరువేరు కంప్యూటర్లున్నట్టే కనిపిస్తుంది. నిజానికి అవన్నీ ఒకే పెద్ద సర్వర్లో నడిచే వర్చువల్ మెషీన్లు. అవునా?"

"అవును, ముప్ఫై రెండు. దేని పాస్‌వర్డ్ దానిదే. ఒకదాంట్లో దొంగ పడ్డా రెండోదాంట్లోకి రాలేడు."

"గదులకు తాళాలు బాగానే వేశారమ్మా. కానీ ఆ ముప్ఫై రెండింటినీ కింద నుంచి నడిపే సాఫ్ట్‌వేర్‌కే కన్నం పడింది. అందులోంచి దూరితే గదులన్నీ ఒక్కసారే చేతికి చిక్కుతాయి. దాన్ని పూడ్చే అప్‌డేట్ వచ్చి రెండు నెలలైంది. మీరింకా వేయలేదు."

"వేయాలంటే అన్నీ ఆపాలి."

"ఒక్క గంట. ఆదివారం పొద్దున."

ఆమెకు నవ్వొచ్చింది. నిమిషం ఆగితే పది ఫోన్లొచ్చే ఆస్పత్రి ఇది. గంట ఆపుతానంటే సూపరింటెండెంట్ గారు బతకనిస్తారా? రెండుసార్లు అడిగితే రెండుసార్లూ "వచ్చే నెల చూద్దాం" అన్నారు. మూడోసారి అడిగే ధైర్యం ఆమెకు లేదు. ఆ సంగతి ఈయనకెందుకు?

"ఏమైనా, బ్యాకప్ ఉంది లెండి."

"ఎక్కడ?"

"ముప్ఫై రెండోది అదే."

"అయ్యో తల్లీ! అదే సర్వర్లోనా?" ముసలాయన తల పట్టుకున్నాడు.

ఆ 'అయ్యో' ఆమెకు చురుక్కుమంది.

"ఇంతకీ మేం అప్‌డేట్ వేయలేదని మీకెలా తెలుసు?"

"మీ సర్వర్ ఏ వెర్షన్‌లో ఉందో బయట నుంచి ఎవరికైనా కనిపిస్తుందమ్మా. నాకు కనిపించింది దొంగలకు కనిపించదా?"

దాంతో ఆమె అనుమానం ముదిరింది. ఇన్ని తెలిసినవాడు మంచివాడెలా అవుతాడు? వాచ్‌మన్‌ని పిలిచింది.

"ఈయన ఫొటో తీసి గేటు దగ్గర అంటించు. మళ్లీ ఇటు వస్తే పోలీసులకు పట్టించు."

"మీ కాళ్లు పట్టుకుంటానమ్మా..." అంటూనే ఉన్నాడాయన, వాచ్‌మన్ రెక్క పట్టుకుని మెట్లు దింపుతుంటే.

తొమ్మిది రోజులు గడిచాయి.

గురువారం పదకొండింటికి ఆస్పత్రిలో తెరలన్నీ ఒక్కసారే నల్లబడ్డాయి. డబ్బు ఇస్తేనే తాళం తీస్తామని నాలుగు లైన్లు మాత్రం మిగిలాయి. బ్యాకప్ కూడా దొంగల చేతిలోకే పోయింది.

తలలో రక్తం గడ్డకట్టి ఒక బడిపంతులమ్మ ఆ పొద్దునే చేరింది. ఆమె స్కాన్ సర్వర్లో ఇరుక్కుపోయింది. అది చూడకుండా ఆపరేషన్ చేయలేమన్నారు డాక్టర్లు. అంబులెన్సులో వేరే ఆస్పత్రికి పంపారు. దారిలోనే పోయింది.

ఆమె భర్త వరండాలో చతికిలబడి, వచ్చేపోయే వాళ్లందర్నీ ఒకటే అడుగుతున్నాడు.

"కంప్యూటర్ చెడితే మనిషెలా పోతుందండీ?"

ఇన్‌చార్జి ఆయన పక్కనుంచే వెళ్లింది.

"వాడేనండీ!" పోలీసులతో మాత్రం గట్టిగా చెప్పింది. "ఫొటో గేటు దగ్గరే ఉంది." చెబుతుంటే ప్రాణం కాస్త కుదుటపడింది కూడా.

మర్నాడే పట్టుకున్నారు. ఆ తర్వాత మూడో రోజు ఇన్‌స్పెక్టర్ ఆమె గదికొచ్చి, టోపీ తీసి కూర్చున్నాడు.

"ఆయన కాదు మేడమ్. వదిలేయమని పదకొండు ఆస్పత్రుల నుంచి ఫోన్లొచ్చాయి. ఆయన మాట విని అప్‌డేట్ వేసుకుని బయటపడ్డ వాళ్లట."

"మరి తను కాదని ఆయనెందుకు చెప్పలేదు?"

"ఒక్క మాటే అడిగారు, ఎవరైనా పోయారా అని. ఒకామె పోయిందన్నాం. గోడ వైపు తిరిగి చాలాసేపు ఏడ్చారు."

"ఎక్కడున్నారాయన? నేనే వెళ్లి..."

"బస్సెక్కేశారు. ఇంకా చెప్పాల్సిన ఆస్పత్రులున్నాయట. ఇది ఆయన వాంగ్మూలం. చదివి సంతకం పెట్టండి, కేసు ఎత్తేస్తాం."

ఆమె కాగితం అందుకుంది. ఎవరు నువ్వు, ఎందుకిలా తిరుగుతున్నావన్న ప్రశ్న కింద రెండే వాక్యాలున్నాయి.

"మూడేళ్ల కిందట మా ఆస్పత్రిలో ఇలాగే అన్నీ ఆగిపోయి నలుగురు చచ్చిపోయారు. ముందే చెప్పడానికొచ్చిన మనిషిని గెంటించిన ఇన్‌చార్జిని నేనే."