రెండు సీట్ల విమానం

"నేను సంతకం పెట్టను అంకుల్," అని శ్యామసుందరి పెన్ను మూత బిగించేసింది.

ఆనందరావు మొహం వాడిపోయింది. ఈ పరాయి దేశపు ఊరు గిరావీన్‌లో ముప్పై ఏళ్ళు డాక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి ఆయన. హ్యాంగర్ మధ్యలో నిలబడి ఉన్న ఆ రెండు సీట్ల పాత విమానాన్ని ఎనిమిదేళ్ళు పట్టి బాగుచేయించుకున్నాడు. 1933లో కుర్రాళ్ళకు ఎగరడం నేర్పడానికి కట్టిన విమానం. అంతా చెక్క, గుడ్డ, తీగలు. అది గాల్లోకి లేవాలంటే ఇంజనీరుగా శ్యామసుందరి కాగితం మీద సంతకం పెట్టాలి.

"ఏం తప్పు కనపడిందమ్మా?"

"ఏమీ కనపడలేదు. అదే నా భయం. నిన్న ఇంజిన్ తిప్పి చూస్తుంటే రెండు సెకన్లు చచ్చుబడి మళ్ళీ అందుకుంది. పెట్రోలు పైపులు విప్పాను, కార్బురేటర్ కడిగాను, ప్లగ్గులు మార్చాను. రీజన్ దొరకలేదు."

"తొంభై ఏళ్ళ ఇంజిన్. ఓసారి దగ్గింది. దానికేం?"

"నేల మీద దగ్గితే ఏం కాదు. పైన దగ్గితే?"

ఆనందరావు గొంతు తగ్గించాడు. "రేపు మండేతో నా పైలట్ మెడికల్ సర్టిఫికెట్ ఎక్స్‌పైర్ అవుతుంది శ్యామా. నా గుండె రిపోర్టు నేనే చదువుకున్నాను. మళ్ళీ రెన్యూ చెయ్యరు. మధ్యాహ్నానికి గాలి లేస్తుంది, రేపంతా వాన. ఇప్పుడు ఎగరకపోతే ఇక దీన్ని తుడుచుకుంటూ కూర్చోవడమే."

శ్యామసుందరి విమానం రెక్క మీద చెయ్యి వేసింది. ఆ రెక్కల మీది ప్రతి కుట్టూ తన చేత్తో వేసిందే.

"ఒక్క రౌండ్," అంటూ చివరికి పెన్ను మూత తీసి సంతకం పెట్టింది. "ముందు సీట్లో నేను కూర్చుని మీటర్లు చూస్తాను. దించమంటే దించెయ్యాలి."

"నువ్వు జన్మలో చిన్న విమానం ఎక్కలేదన్నావుగా?"

"ఎక్కలేదు. సంతకం పెట్టిందాన్ని నేనే భయపడితే ఎలా?"

ఆయన వెనక సీట్లో, ఆమె ముందు సీట్లో కూర్చున్నారు. నేర్పే విమానం కాబట్టి రెండు సీట్లకీ కంట్రోల్ స్టిక్ ఉంది. ఒకటి కదిలితే రెండోదీ కదులుతుంది. మాట్లాడుకోవడానికి రెండు సీట్లనీ కలుపుతూ రబ్బరు గొట్టం. ఆ రోజుల్లో అంతే. అందులోంచి ఎవరి గొంతైనా ఒకేలా, ఖాళీ డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది.

చెవుల దగ్గర ఆ గొట్టం కొసలు తగిలించిన తోలుటోపీ తలకు బిగించుకోగానే ఆమె చెవిలో ఊపిరి చప్పుడు. నెమ్మదిగా, నిదానంగా, నిద్రపోతున్న మనిషి తీసే ఊపిరిలా. ఇంత హడావిడిలో అంకుల్‌కి ఇంత నిబ్బరం ఎలా వచ్చిందో అనుకుంది. ఆ చప్పుడు వింటుంటే ఆమె గుండెదడ కూడా కొంచెం తగ్గింది.

విమానం గడ్డి మీద ఎగిరెగిరి పడుతూ పరుగెత్తి, ఒక్కసారిగా తేలికైపోయింది. కంచెలు, పెంకుటి కప్పులు, ఎండకు మెరిసే చెరువు కిందికి జారిపోయాయి. వెయ్యి అడుగులు. మీటర్లన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆమెకు నవ్వొచ్చింది.

అప్పుడే ఇంజిన్ ఆగిపోయింది.

ఈసారి అందుకోలేదు. కళ్ళెదురుగా ప్రొపెల్లర్ నిట్టనిలువుగా నిలబడిపోయింది. తీగల మధ్య గాలి ఈల వేయడం తప్ప ఇంకేం లేదు. ముక్కు కిందికి వాలింది. ఎదురుగా యూకలిప్టస్ చెట్ల కొమ్మలు ముంచుకొస్తున్నాయి. శ్యామసుందరి తనకు తెలియకుండానే స్టిక్‌ని రెండు చేతులతో పట్టుకుని గుంజింది. అది కదల్లేదు, రాయిలా బిగుసుకుపోయి ఉంది.

గొట్టంలో గొంతు పలికింది. తొందర లేదు, వణుకు లేదు.

"లెట్ గో. ఐ హావ్ హర్."

స్టిక్ వదిలెయ్, విమానాన్ని నేను చూసుకుంటానని. ఆమె వదిలేసింది. చేతులు ఒళ్ళో దాచుకుంది.

మోకాళ్ళ మధ్య స్టిక్ మెల్లగా పక్కకు ఒరిగింది. కాళ్ళ దగ్గర పెడళ్ళు కదిలాయి. విమానం ఒక రెక్క దించుకుని, పక్కవాటంగా, మెట్లు దిగినట్టు కిందికి జారింది. పాతకాలం పైలట్లు అలా జారేవాళ్ళని ఆమె చదివింది గానీ చూడలేదు. చెట్లు పక్కనుంచి దాటిపోయాయి. ఎదుట మేత బీడు. పది ఆవులు తలలెత్తి చూశాయి. స్టిక్ వెనక్కి వచ్చింది, కొంచెం కొంచెంగా, చంటిపిల్లను పడుకోబెట్టే చెయ్యిలా. చక్రాలు గడ్డిని తాకిన సంగతి కూడా ఆమెకు తెలియలేదు.

గొట్టంలో ఎవరో తృప్తిగా నిట్టూర్చారు.

శ్యామసుందరి దిగి, రెక్క పట్టుకుని నిలబడింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వెనకనుంచి ఆనందరావు అతికష్టం మీద దిగాడు. మనిషి చెమటతో తడిసి ముద్దయ్యాడు. వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అంకుల్, ఏం దించారు అంకుల్! చచ్చిపోయామనే అనుకున్నాను."

ఆనందరావు ఆమెను వింతగా చూశాడు.

"నేను దించడమేమిటమ్మా? ఇంజిన్ ఆగగానే భయంతో స్టిక్ పట్టుకుని కొయ్యబారిపోయాను. 'లెట్ గో, ఐ హావ్ హర్' అని నువ్వు అన్నాకే కదా, రెండు చేతులూ తీసేసి కళ్ళు మూసుకున్నాను!"