గొంతు పోయినావిడ

"అక్కడే ఆగు పెద్దమ్మా! ఒక్క అడుగు కూడా లోపలికి వేయకు!"

నాటకశాల వెనుక తలుపు దగ్గర కాపలా ఉండే కార్మినే కేక వేస్తూనే జేబులోని ఎర్రకొమ్మును గట్టిగా పట్టుకున్నాడు. దిష్టి తగలకుండా నేపుల్స్‌లో చాలామంది దగ్గర ఉంచుకునేదే అది.

ముసలావిడ ఆగింది. ఆమె భుజాల మీద ఊదారంగు శాలువా ఉంది.

"ఏమైంది నాయనా?"

"ఏమైందా? ఆ రంగు కప్పుకుని ఒపెరాకి వస్తారా ఎవరైనా? మా కొంప ముంచడానికి కాకపోతే!"

"తపస్సుకాలం కదా, ఈస్టర్ ముందు ఉపవాసాల రోజులు. చర్చిలో స్వామికీ ఇదే రంగు కప్పారు."

"స్వామికేం, పాడి పొట్ట పోసుకోవాల్సిన పని లేదు. వెనకటికి ఈ ఉపవాసాల రోజుల్లో నాటకశాలలు మూసేసేవాళ్లట. మా తాతల ఇళ్లలో పొయ్యిలో పిల్లి లేచేది కాదు. అప్పటినుంచీ ఈ రంగంటే మాకు వణుకు."

"మేం కోరి పస్తున్నాం, మీరు గతిలేక పస్తున్నారన్నమాట" అని నవ్విందావిడ.

"నవ్వకు. ఇవాళ మా ఎర్సీలియా అమ్మగారి ఆఖరి పాట."

నిజమే. ఎన్నో దేశాలు మెచ్చిన ఎర్సీలియా ఆ ఆదివారం మధ్యాహ్నం ఆటతో పాట మానేస్తోంది. చివరి అంకంలో ఒక పై స్వరం ఉంది. కిందటి నెల మరో ఊళ్లో సరిగ్గా అక్కడే ఆమె గొంతు చీలింది. నేపుల్స్ గ్యాలరీ జనం ఊరుకునే రకం కాదు. నెత్తిన పెట్టుకునేదీ వాళ్లే, ఈలలు వేసి దించేసేదీ వాళ్లే. ఇవాళ గొంతు చీలితే ఇన్నేళ్ల పాటనూ మరిచిపోయి ఆ చీలికనే చెప్పుకుంటారు.

"పోనీ, శాలువా తీసి సంచిలో పెట్టుకో. పంపిస్తాను" అన్నాడు కార్మినే.

"ఈస్టర్ దాకా తీయనని మరియమాతకు మొక్కుకున్నాను నాయనా. ఏటా ఇదే మొక్కు."

"దేనికి?"

"ఒకరి గొంతు చల్లగా ఉండాలని."

"నీ గొంతా?"

"నాదిప్పుడు ఎవరికి కావాలి!"

అప్పుడే కారు వచ్చి ఆగింది. ఎర్సీలియా దిగింది. ఆమె ముసలావిడ ముఖం చూడలేదు. శాలువా రంగే చూసింది.

"కార్మినే! ఎవరీవిడ?"

"ఎర్సీలియా..." అంటూ ముసలావిడ చెయ్యి చాచింది.

నిప్పు తగిలినట్టు ఎర్సీలియా వెనక్కి గెంతింది.

"ముట్టుకోకండి! నేనంటే గిట్టనివాళ్లెవరైనా పంపారా మిమ్మల్ని? ఈ ఒక్క పూటా నన్ను బతకనివ్వండి తల్లీ!"

ముసలావిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎవరూ పంపలేదమ్మా. దగ్గరనుంచి ఒకసారి చూద్దామని వచ్చాను. చూశాను. చల్లటి నీళ్లు తాగకు."

వెళ్లి వీధి అవతల గోడవార నిలబడింది. కార్మినేకి జాలేసింది. పాట వినబడేలా లోపలి కిటికీ ఒకటి తెరిచి వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు.

చివరి అంకం వచ్చింది. ఎర్సీలియా శిలువ గుర్తు వేసుకుని పాట అందుకుంది. పై స్వరం చీలలేదు. గాలి లేని గదిలో దీపంలా నిలిచింది. గ్యాలరీ అంతా లేచి నిలబడింది.

తర్వాత విలేఖరులు చుట్టుముట్టారు. ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది ఎర్సీలియా.

"నన్ను పైకి తెచ్చింది దేవుడే. అప్పుడు నేను కోరస్‌లో దాన్ని. ఆ ఏడాదితో ఇంటికి పొమ్మన్నారు కూడా. మొదటి ఆట రోజున, ముఖ్యపాత్ర పాడాల్సిన ఒలింపియా గారికి గొంతు పోయింది. వేరే దిక్కులేక ఆవిడ చోట నన్ను నిలబెట్టారు."

"ఆవిడ ఏమయ్యారు?"

"తెలియదు. గొంతు పోయినావిడను మళ్లీ ఎవరు పిలుస్తారు? పాపం, ఆవిడ కోసం ప్రార్థన చేస్తుంటాను."

అందరూ తలలూపారు. ఒకరి నోరు మూసి మరొకరి నోరు తెరిపించే దేవుడేమిటని ఎవరూ అడగలేదు.

జనం వెళ్లాక, ఆ మొదటి ఆటకు వాద్యబృందాన్ని నడిపిన తద్దెయో మాస్టారు చేతికర్ర పొడుచుకుంటూ వచ్చాడు.

"ఒలింపియా కలిసిందా?"

"ఏ ఒలింపియా?"

"నీకు ఎంతమంది ఒలింపియాలమ్మా? ఆఖరి పాట, వచ్చి కలవమని నేనే కబురు పెట్టాను. కొండమీది ఊరినుంచి బస్సులో వచ్చింది. మొక్కట, ఊదా శాలువా కప్పుకుంది. తీసేయవే అంటే వినదే!"

ఎర్సీలియా మెట్లు దిగి పరుగెత్తింది. గోడవార ఎవరూ లేరు.

"పాట అయ్యేదాకా ఇక్కడే నిలబడి విన్నదమ్మా" అన్నాడు కార్మినే. "పైకి పాడారే, అప్పుడు నా చెయ్యి నలిపేసింది. ఇంతలో బస్సుకి వేళైందని వెళ్లిపోయింది."

మాస్టారు మెల్లగా దిగి వచ్చేసరికి ఎర్సీలియా గడప మీదే కూలబడి ఉంది.

"రేపే ఆ ఊరికి వెళ్తాను మాస్టారూ. కాళ్ల మీద పడతాను. గొంతు పోయి, బతుకు పోయినావిడను కుక్కను తరిమినట్టు తరిమాను."

మాస్టారు చేతికర్ర గోడకు ఆనించి ఆమె పక్కన కూర్చున్నాడు.

"గొంతు పోయిందని నీకెవరు చెప్పారమ్మా? నిన్ను పంపించేస్తున్నారని తెలిసి, ఆ మొదటి ఆట రోజు పొద్దున్నే మా ఇంట్లో తలుపులన్నీ వేయించి, ఆ పాటంతా ఒక్క చీలిక లేకుండా చివరిదాకా పాడి, 'ఇక ఇది ఆ పిల్లది మాస్టారూ' అని పియానో మూత వేసేసింది."