టీచరమ్మగారి టేకు గడప

హాలంతా వినైల్ పలకలు పరిచేశారు గానీ, వీధి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పని ఆగిపోయింది.

“ఈ గడప కోసెయ్యి జయకర్,” అంది శ్యామలాంబ, వాకర్ పట్టుకుని నిలబడి.

కోడలు శర్వాణి ఒప్పుకోలేదు. పాతికేళ్ల కిందట బియ్యం చెంబు తన్ని ఆ టేకు గడప దాటే ఈ ఇంటి కోడలైంది. ప్రతి శుక్రవారం దానికి పసుపు రాసి బొట్లు పెట్టే చెయ్యి తనది. అది పోతే ఇంటికి కళ ఉంటుందా? ఎనభై మూడేళ్లొచ్చినా అత్తగారి పంతం మాత్రం తగ్గలేదు.

వాకర్‌కి అడ్డం తగులుతోందని ఆవిడ సాకు. అటూ ఇటూ వాలుగా చెక్క పెట్టిస్తానని శర్వాణి బతిమాలింది. జయకర్ కూడా శర్వాణి వైపే మాట్లాడాడు. ఎండకి ఈ పలకలు సాగుతాయనీ, గడపకి పావంగుళం ఎడం వదిలి పైన అల్యూమినియం పట్టీ బిగిస్తే గడపను ముట్టుకునే పనే లేదనీ చెప్పాడు. తిరువూరులో ఇలాంటి గుమ్మాలు అరడజను చేశాడట.

మంచి పనివాడే, కాస్త మొహమాటం ఎక్కువ. పొద్దున్న రాగానే గుమ్మం బయటే తచ్చాడుతుంటే అత్తగారు మూడుసార్లు పిలవాల్సి వచ్చింది.

కొలత తీయడానికి వరండాలోకి వెళ్లి, గడప ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. బయటి అంచు మీద నున్నగా అరిగిన గుంట ఒకటుంది. అందులో మోచెయ్యి ఆనించాడు. అచ్చంగా సరిపోయింది. యాభై దాటిన మనిషి మొహం చిన్నపిల్లాడిదైపోయింది.

“ఇది నా చోటేనమ్మా. ఆరో తరగతి నుంచి పది దాకా టీచరమ్మగారి దగ్గరే ట్యూషన్,” అన్నాడు శ్యామలాంబను చూపిస్తూ.

ఇక జ్ఞాపకాల మూట విప్పాడు. చర్చి వెనక పేట నుంచి నడిచి వచ్చేవాడట. ఎక్కాలు అప్పచెప్పేటప్పుడు అందరికంటే తన గొంతే పెద్దదట. కాఫీ కాచే వాసన వస్తే లెక్క తప్పేదట, వెంటనే టీచరమ్మగారి స్కేలు ఇక్కడిదాకా వచ్చేదట. వాన పడితే జల్లుకి పుస్తకం తడవకుండా చొక్కాలో దాచుకునేవాడట. ఎంత మంచి రోజులమ్మా అని గడపను నిమిరాడు.

శర్వాణికి కళ్లు చెమర్చాయి. “చూశారా అత్తయ్యగారూ, ఆయన చదువంతా ఈ గడప దగ్గరే ఉంది. దీన్ని కోయించడానికి మీకు మనసెలా వస్తోంది?”

జయకర్ కొలత టేపు పక్కన పెట్టేసి టీచరమ్మగారి వైపు చూశాడు. ఆవిడ చెబితే కోస్తాడు, లేకపోతే లేదు.

శ్యామలాంబ ఆ గుంటనే చూస్తూ అంది. 

“ఐదేళ్లూ వాణ్ణొక్కణ్ణే గడప అవతల కూర్చోబెట్టాను, అమ్మాయీ.”